కుట్లు వేయనివ్వని చోటికే పంపండి

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మా అమ్మాయి ఇక్కడే పుట్టి పెరిగింది. ఆస్టిన్‌లో బయాలజీ రెండో సంవత్సరం చదువుతోంది. డాక్టర్ కావాలని చిన్నప్పటి నుంచీ దాని పట్టుదల. వచ్చే వేసవిలో ఎనిమిది వారాలు మెక్సికోలోని వహాకాకో, ఈక్వడార్‌లోని క్విటోకో వెళ్తానంటోంది. పొద్దున ఆస్పత్రుల్లో క్లినికల్ రొటేషన్లు, మధ్యాహ్నం స్పానిష్ క్లాసులు, బస అక్కడి వాళ్లింట్లోనే. 'చేతులతో చేసి నేర్చుకునే అవకాశం' అని బ్రోచర్‌లో రాశారు. మా వారికి ఇది అస్సలు ఇష్టం లేదు. ఫోన్ పెడితే అదే అనువాదం చేస్తుంటే, స్పానిష్ కోసం దేశం దాటి వెళ్లడం ఎందుకంటారు. నరసరావుపేటలో మా తమ్ముడికి నర్సింగ్ హోమ్ ఉంది. 'ఇక్కడికి పంపక్కా, థియేటర్‌లోకి తీసుకెళ్తా, కుట్లు వేయడం కూడా నేర్పిస్తా, మేనమామ దగ్గర కంటే అక్కడేం నేర్చుకుంటుంది' అంటున్నాడు. మేం శాకాహారులం. ఆడపిల్లను ఒంటరిగా పంపాలంటే నాకూ టెన్షన్‌గానే ఉంది. మెడికల్ స్కూల్ అడ్మిషన్‌కి ఏది ఎక్కువ పనికొస్తుంది? ఏం చేయమంటారు?

— ఒక తల్లి, ఫ్రిస్కో

సమాధానం: అమ్మా, పంపండి. వహాకాకే పంపండి. అయితే డబ్బు కట్టే ముందు ఆ బ్రోచర్‌లో 'చేతులతో' అన్న మాట సంగతి తేల్చుకోండి. మీ ఉత్తరం మొత్తంలో నాకు ఆందోళన కలిగించింది మెక్సికో కాదు, ఆ మాటే. మీ తమ్ముడు గారు చెబుతున్న కుట్ల విషయమూ అలాంటిదే కాబట్టి రెండింటికీ కలిపే జవాబు చెబుతాను.

మీ అమ్మాయి ఇంకా మెడికల్ స్టూడెంట్ కూడా కాదు. మెడికల్ కాలేజీలో మూడో, నాలుగో సంవత్సరం పిల్లలు వార్డుల్లో తిరిగి, పేషెంట్‌ని పరీక్షించి, కేసు రాసి, పైవాళ్లకు అప్పజెప్పేదాన్ని రొటేషన్ అంటారు. డిగ్రీ రెండో ఏడాది అమ్మాయి చేసేది పక్కన నిలబడి చూడటం. అదేం తక్కువ పని కాదు, దాని గురించి కింద రాస్తాను. కానీ డబ్బు తీసుకునే కొన్ని సంస్థలు చూడటానికి కూడా రొటేషన్ అని పేరు పెట్టి, దాని మీద ఇంజెక్షన్లు, కుట్లు, కాన్పుల ఆశ చూపిస్తున్నాయి. ఇరవై ఏళ్ల పిల్లలకు ఆ ఆశ ఎంత గట్టిదో నాకు తెలుసు. తెల్ల కోటు వేసుకుని చేతిలో సూది పట్టుకోవాలని ఎవరికి ఉండదు?

ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు. మీ అమ్మాయిని డాలస్‌లో ఏ ఆస్పత్రి అయినా పేషెంట్‌కి కుట్లు వేయనిస్తుందా? వేయనివ్వదు. మరి వహాకాలో ఎందుకు వేయనిస్తారు? అక్కడి పేషెంట్ పేదవాడు, అడ్డు చెప్పడు, కేసు వేయడు. అంతకు మించి కారణం లేదు. నరసరావుపేటలోనూ అదే కారణం. పొలంలో కొడవలితో చెయ్యి తెగి వచ్చిన కూలీకి, తన చేతికి కుట్లు వేస్తున్నది డాక్టర్ గారి మేనకోడలని, ఆమె ఇంకా డాక్టర్ కాదని ఎవరూ చెప్పరు. చెబితే ఒప్పుకుంటాడా? మీ తమ్ముడు గారు ప్రేమ కొద్దీ అన్నారు, ఆయన్ని తప్పుపట్టడం లేదు. కానీ రిజిస్టర్ కాని వాళ్లు వైద్యం చేయడం 2019 నాటి జాతీయ మెడికల్ కమిషన్ చట్టం కింద నేరం. ఏదైనా జరిగితే ఆ మాట వచ్చేది ఆయన మీదికి, ఆయన ఆస్పత్రి మీదికి.

అడ్మిషన్ గురించి అడిగారు. అమెరికన్ మెడికల్ కాలేజీల సంఘం, అదే అందరూ ఏఏఎంసీ అనేది, విదేశాల్లో క్లినికల్ అనుభవం కోసం వెళ్లే ప్రీ-మెడ్ (మెడిసిన్‌లో చేరకముందు డిగ్రీ చదివే), మెడికల్ స్టూడెంట్లకు 2011లోనే మార్గదర్శకాలు విడుదల చేసింది. విద్యార్థి వెళ్లేది ముఖ్యంగా చూడటానికి, చికిత్స చేయడానికి కాదని అందులో స్పష్టంగా ఉంది. శిక్షణ లేని పనులు చేసి వచ్చి అప్లికేషన్‌లో రాసుకుంటే అది ప్లస్ అవుతుందనుకోవడం పొరపాటు. ఇంటర్వ్యూలో కూర్చున్న డాక్టర్ 'నేను మెక్సికోలో కాన్పు చేశాను' అన్న మాట విని మెచ్చుకోరు. ఈ అమ్మాయికి హద్దు తెలియదు, రేపు నా వార్డులో ఏం చేస్తుందో అని ఆలోచిస్తారు. ఆ అనుమానం ఒకసారి వచ్చిందంటే మార్కులు ఎన్ని ఉన్నా కష్టమే.

అందుకే సంస్థను ఎంచుకోవడానికి నేను చెప్పే గుర్తు ఒక్కటే. 'మా అమ్మాయి అక్కడ ఏమేం చేయకూడదు?' అని ఈమెయిల్ రాయించండి. మీరు కాదు, తననే రాయమనండి. మంచి సంస్థ అయితే పేషెంట్‌ని ముట్టుకునే పనులు ఏవీ ఉండవని, ప్రతిసారీ పేషెంట్ అనుమతి అడుగుతారని, గదిలో ఒకరిద్దరు స్టూడెంట్లకు మించి ఉండరని, క్లినిక్‌ను నడిపేది స్థానిక డాక్టర్లేనని తడుముకోకుండా రాస్తుంది. కట్టిన ఫీజులో ఎంత ఆ క్లినిక్‌కి, ఎంత బస ఇచ్చిన ఇంటికి వెళ్తుందో కూడా అడగండి. తిరుగు జవాబులో 'మీ ఆసక్తిని బట్టి చాలా అవకాశాలు ఉంటాయి' లాంటి మాటలు కనిపిస్తే అక్కడితో వదిలేయండి. సొంత యూనివర్సిటీ ద్వారా వెళ్లే ప్రోగ్రాం ఉంటే ఇంకా నయం. క్రెడిట్లు వస్తాయి, ఫైనాన్షియల్ ఎయిడ్ వాడుకునే వీలుంటుంది, ఏదైనా జరిగితే అడగడానికి ఒక ఆఫీసు ఉంటుంది.

సరే, ముట్టుకోకపోతే ఇక నేర్చుకునేది ఏముందని మీ తమ్ముడు గారు అడుగుతారు. రెసిడెన్సీలో ఉన్నప్పుడు నేను కొన్నాళ్లు వహాకాలో ఉన్నాను. అక్కడ చూసింది ఒకటి చెబుతాను.

నగరం బయట, జపోతెక్ అనే స్థానిక తెగవాళ్ల ఊళ్ల మధ్య ఒక చిన్న హెల్త్ సెంటర్. డాక్టర్ వయసు పాతిక కూడా ఉండదేమో. మెక్సికోలో మెడిసిన్ చదివిన ప్రతి ఒక్కరూ పట్టా రావడానికి ముందు ఒక ఏడాది సమాజ సేవ చేయాలి. 1936 నుంచి ఉన్న పద్ధతి ఇది. ఆ ఏడాదిలో ఉన్నవాళ్లను పసాంతె అంటారు. మారుమూల ఊళ్లలో చాలాచోట్ల ఆ పసాంతెలే డాక్టర్లు. ఒక ముసలావిడ రెండేళ్ల మనవణ్ని చంకనేసుకుని వచ్చింది. విరేచనాలు, తిండి తినడం లేదు, నీరసం. పిల్లాడికి 'ఎంపాచో' పట్టిందని ఆవిడ అంది. తిన్నది పొట్టలో ఇరుక్కుపోవడం వల్ల వస్తుందని అక్కడివాళ్లు నమ్మే జబ్బు అది. డాక్టరమ్మ నవ్వలేదు, అదేం లేదని కొట్టిపారేయలేదు. ముసలావిడను కూర్చోబెట్టి, మీరు అంటూ మర్యాదగా, ఎవరి దగ్గర చూపించారు, పొట్ట తోమారా, ఏదైనా తాగించారా అని ఒక్కొక్కటే అడుగుతూ పోయింది. అలా అడుగుతూనే పిల్లాడి పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్లతో మెల్లగా పట్టి వదిలింది. వెంటనే సర్దుకోలేదు, ఒంట్లో నీళ్లు తగ్గాయన్నమాట. కళ్లు లోతుకు పోయాయా, నాలుక తడిగా ఉందా చూసింది. ఆ తర్వాత, మాటల మధ్యలో అన్నట్టు, 'పొడి ఏమైనా ఇచ్చారా? ఏ రంగులో ఉంది?' అని అడిగింది.

ఆ రంగు ఎందుకో నాకు తర్వాత చెప్పింది. ఎంపాచోకి నాటువైద్యంలో వాడే పొడుల్లో గ్రేతా అని పసుపుపచ్చది, అసర్కోన్ అని నారింజ రంగుది ఉన్నాయి. రెండింట్లోనూ ఉండేది సీసం. పసివాళ్ల మెదడును దెబ్బతీసే విషం. ఇది మెక్సికో ఊళ్లకే పరిమితమైన గోడు కాదు. ఈ పొడుల వల్ల పిల్లలకు సీసం విషమెక్కిన కేసులు అమెరికాలో కూడా నమోదయ్యాయి. ఆ రోజు ఆ పిల్లాడికి ఏ పొడీ ఇవ్వలేదు. అక్కడ సూయెరో అనే మన ఓఆర్ఎస్ ప్యాకెట్ కలిపి, చెంచాతో కొంచెం కొంచెంగా పట్టించమని అక్కడే కూర్చోబెట్టి చూపించారు. ముసలావిడ మొహంలో తనను తక్కువ చేశారన్న భావం ఎక్కడా లేదు. ఆ రోజు నేను చేత్తో చేసిన పని ఏమీ లేదు. కానీ ఇప్పుడు హ్యూస్టన్‌లో నా క్లినిక్‌కి పొట్టనొప్పి పిల్లాడితో ఎవరైనా అమ్మమ్మ వస్తే, ఆ ప్రశ్నలను అదే వరుసలో, అదే గొంతుతో అడుగుతాను. కుట్లు వేయడం మెడికల్ కాలేజీలో వాళ్లే నేర్పిస్తారు. ఇది మాత్రం అక్కడ ఎవరూ నేర్పరు.

మీ అమ్మాయికి అక్కడ పరాయిగా అనిపించనివి చాలా కనిపిస్తాయి. దిష్టిని వాళ్లు 'మాల్ దె ఓహో' అంటారు. పిల్లల ఒంటి చుట్టూ గుడ్డు తిప్పి తీసేస్తారు. కాన్పులు చేసే మంత్రసానులు అక్కడ ఇంకా ఉన్నారు. నిమ్మకాయ, ఎండుమిర్చి తిప్పి పడేయడం ఇంట్లో చూసిన పిల్ల వీటిని వింతగా చూడదు, ఎదుటివాళ్లను చిన్నచూపు చూడదు. అది ఆమెకు ఉన్న బలం. ఆ సంగతి ముందే చెప్పి పంపండి.

ఇక స్పానిష్. మీ వారు అడిగింది న్యాయమైన ప్రశ్న, దులిపేసుకునేది కాదు. ఫోన్ అనువాదం హోటల్‌లో, టాక్సీలో బాగా పనికొస్తుంది. ఆస్పత్రిలో ఎందుకు చాలదో 1980లో ఫ్లోరిడాలో జరిగిన ఒక కేసు చెబుతుంది. విల్లీ రమిరెజ్ అనే 18 ఏళ్ల కుర్రాణ్ని స్పృహ లేని స్థితిలో ఆస్పత్రికి తెచ్చారు. క్యూబా నుంచి వచ్చిన కుటుంబం. 'ఇంతోక్సికాదో' అన్నారు. తిన్నదేదో వికటించిందని వాళ్ల భావం. డాక్టర్లకు అది మత్తుమందు ఎక్కువైందని వినిపించింది. రెండు రోజులు ఆ దారిలోనే చికిత్స నడిచింది. అసలు జరిగింది మెదడులో రక్తస్రావం. ఆ కుర్రాడికి కాళ్లూ చేతులూ పడిపోయాయి. జీవితాంతం సంరక్షణ కోసం ఆస్పత్రి ఒప్పుకున్న పరిహారం సుమారు 7.1 కోట్ల డాలర్లు. అందులో నాకు ఎక్కువ బాధ కలిగించే విషయం ఏమిటంటే, ఎవరూ దుబాసీని పిలవలేదు. రెండు పక్షాలూ అర్థమైందనే అనుకున్నాయి.

ఇక్కడి చట్టం కూడా ఈ భయంతోనే నడుస్తోంది. ఒబామా హెల్త్‌కేర్ చట్టంలోని 1557 సెక్షన్ కింద, ఇంగ్లిష్ రాని పేషెంట్‌కి అర్హత ఉన్న దుబాసీని ఆస్పత్రే ఉచితంగా ఏర్పాటు చేయాలి. అత్యవసరంలో తప్ప పిల్లల చేత అనువాదం చేయించకూడదు. కీలకమైన కాగితాలను మెషిన్ అనువదిస్తే అర్హత ఉన్న మనిషి సరిచూడాలని 2024 నిబంధనల్లో చేర్చారు. గుంటూరు నుంచి మన అమ్మానాన్నలు వచ్చి ఇక్కడ ఎమర్జెన్సీ గదిలో పడుకున్నప్పుడు కూడా ఇవే హక్కులు వర్తిస్తాయి. తెలుగు దుబాసీ కావాలని అడగొచ్చు, మనవడి చేత చెప్పించాల్సిన పని లేదు.

పిల్లల చేత చెప్పిస్తే ఏమవుతుందో నా క్లినిక్‌లో చూశాను. పొట్టనొప్పి అని ఒకావిడ వచ్చింది. పక్కన పదేళ్ల కొడుకు, ఇంగ్లిష్ గలగలా మాట్లాడుతున్నాడు. ఎప్పటి నుంచి, ఎక్కడ అని అడిగితే వాడే చెబుతున్నాడు. రక్తస్రావం ఉందా అన్న ప్రశ్న దగ్గర వాడు తల్లి వైపు తిరిగాడు, ఆవిడ 'లేదు' అంది. ఆ 'లేదు' నాకు నమ్మకంగా అనిపించలేదు. నర్సుతో పాటు వాణ్ని బయట కూర్చోబెట్టి నేనే స్పానిష్‌లో మళ్లీ అడిగాను. ఆవిడ ఏడ్చేసింది. మూడో నెల గర్భం పోతోంది. కొడుకు నోట ఆ మాట పలికించలేక దాచింది. ఆ గదిలో ఫోన్ ఉన్నా అది భాషను మార్చేది గానీ, పిల్లాణ్ని బయటికి పంపాలని దానికి తోచదు. అమెరికాలో 4 కోట్ల మందికి పైగా ఇళ్లలో మాట్లాడుకునేది స్పానిష్. టెక్సస్ జనాభాలో దాదాపు 40 శాతం హిస్పానిక్ మూలాల వాళ్లు. డాలస్‌లోనో, హ్యూస్టన్‌లోనో డాక్టర్‌గా బతకబోయే పిల్లకు స్పానిష్ ఎందుకని అడిగేవాళ్లకు నా దగ్గరున్న జవాబు ఇదే.

అయితే ఎనిమిది వారాల్లో ఎంత వస్తుందో ముందే లెక్క వేసుకోవాలి, లేకపోతే నిరాశే. అమెరికా విదేశాంగ శాఖ తన అధికారులకు భాషలు నేర్పే సంస్థ లెక్క ప్రకారం, ఇంగ్లిష్ వచ్చినవాళ్లు ఉద్యోగానికి సరిపడా స్పానిష్ మాట్లాడాలంటే 600 నుంచి 750 గంటల క్లాసులు కావాలి. రోజుకు నాలుగు గంటలు, వారానికి ఐదు రోజులు, ఎనిమిది వారాలంటే 160 గంటలు. సున్నాతో వెళ్తే మొదటి నెలంతా క్లినిక్ మూలలో మూగగా నిలబడటమే అవుతుంది. అందుకే ఈ ఏడాది కాలేజీలోనే కనీసం రెండు సెమిస్టర్ల స్పానిష్ పూర్తి చేసి బయల్దేరమనండి. కూర్చోండి, ఎక్కడ నొప్పి, ఎప్పటి నుంచి, మందులేమైనా వాడుతున్నారా అన్న మాటలు ముందే నోటికి వచ్చి ఉండాలి. అప్పుడే అక్కడ వినేవి చెవికెక్కుతాయి.

మన వాళ్లకు ఒక సౌకర్యం ఉంది. స్పానిష్‌లో త, ద మనలాగే పళ్లకు తగిలించి పలుకుతారు, మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లల ఉచ్చారణను స్పానిష్ టీచర్లు మెచ్చుకోవడం నేను చాలాసార్లు విన్నాను. మీ అమ్మాయికి ఇంట్లో తెలుగు అలవాటు ఉంటే ధైర్యంగా నోరు తెరవమనండి.

తిరిగొచ్చాక కూడా గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. కొంచెం స్పానిష్ వచ్చిందని వార్డులో దుబాసీ అవతారం ఎత్తకూడదు. రమిరెజ్ కేసులో జరిగింది సరిగ్గా అదే. పలకరించొచ్చు, దారి చూపించొచ్చు, దుబాసీ వచ్చేదాకా పక్కన కూర్చోవచ్చు. చికిత్స విషయాలు పరీక్ష పాసై అర్హత తెచ్చుకున్న తర్వాతే. ఆస్టిన్‌లో ఏదైనా ఉచిత క్లినిక్‌లో వారానికి ఒక పూట రిజిస్ట్రేషన్ టేబుల్ దగ్గర కూర్చుంటే భాష ఎండిపోకుండా ఉంటుంది. అప్లికేషన్‌కి కూడా ఎనిమిది వారాల మెక్సికో కంటే, దాని తర్వాత రెండేళ్లు ఆగకుండా చేసిన ఆ పనే ఎక్కువ బరువు తెస్తుంది.

క్విటో కాకుండా వహాకా ఎందుకన్నానంటే, టెక్సస్‌లో ఆమె చూడబోయే పేషెంట్లలో ఎక్కువ మంది మెక్సికో మూలాల వాళ్లు. వాళ్ల మాటలు, వాళ్ల తిండి, వాళ్ల భయాలు అక్కడే తెలుస్తాయి. క్విటో మంచి ఊరు. అక్కడి స్పానిష్ నిదానంగా, స్పష్టంగా ఉంటుంది, కొత్తవాళ్లకు సులువు. ఖర్చు కూడా డాలర్లలోనే. కానీ 2,850 మీటర్ల ఎత్తులో ఉంది, మొదటి రోజుల్లో తలనొప్పి, ఆయాసం మామూలే. దానికి తోడు ముఠాల హింస పెరిగి 2024 జనవరిలో ఈక్వడార్ ప్రభుత్వం దేశంలో అంతర్గత సాయుధ పోరు నడుస్తోందని ప్రకటించింది. గొడవలు ఎక్కువగా తీరప్రాంతంలోనే అయినా, మొదటిసారి వెళ్లే పిల్లకు, మీ టెన్షన్‌కు కూడా, అది ఇప్పుడు వద్దు. వహాకా 1,550 మీటర్ల దగ్గర, హాయైన వాతావరణంలో ఉంటుంది.

ఒక్క సంగతి మాత్రం గుర్తుపెట్టుకోమనండి. వహాకా రాష్ట్రంలో దాదాపు మూడింట ఒక వంతు మందికి జపోతెక్, మిష్తెక్ లాంటి సొంత భాషలు ఉన్నాయి. వాళ్లకూ స్పానిష్ తర్వాత నేర్చుకున్న భాషే. క్లినిక్‌లో పేషెంట్ తలూపిందంటే అర్థమైందని కాదు.

తిండి సంగతి మీరు ప్రస్తావించినందుకు సంతోషం, ఎందుకంటే బ్రోచర్లు ఇది రాయవు. 'కార్నె తినను' అంటే చాలామంది దాన్ని పెద్ద మాంసం అనే అర్థం చేసుకుని చికెన్ వడ్డిస్తారు. మాంసం, కోడి, చేప, ఏదీ తినను అని విడివిడిగా చెప్పాలి. అసలు చిక్కు కంటికి కనిపించని చోట ఉంది. ఉడికించి మెదిపిన బీన్స్‌ని తరచుగా పంది కొవ్వులో వేయిస్తారు, దాన్ని మాంతెకా అంటారు. అన్నం కోడి రసంలో వండుతారు. వహాకాలో రోజూ తినే మెమెలా, త్లాయుదా రొట్టెల మీద అసియెంతో అని ముద్దగా ఒకటి రాస్తారు, అదీ పంది కొవ్వే. 'సిన్ అసియెంతో, సిన్ మాంతెకా' అని మొదటి రోజే ఇంటావిడకు చెప్పాలి. అలా చెబితే నొచ్చుకోరు. మొక్కజొన్న రొట్టెలు, కెసియో అనే పీచులాంటి చీజ్, నాగజెముడు మట్టల కూర, పచ్చిమిరప పచ్చళ్లు, బీన్స్, పండ్లు, ఇన్ని ఉన్న చోట శాకాహారి ఆకలితో ఉండదు. మన ఇళ్లలాగే అక్కడా తాగేది 20 లీటర్ల క్యాన్ నీళ్లే. పంపు నీళ్లతో పళ్లు కూడా తోముకోవద్దనండి. ఒక పచ్చడి సీసా పెట్టండి. తనకోసం కాదు, ఇంటావిడకు రుచి చూపించడానికి. కారం మీద మొదలైన కబుర్లలో వచ్చే స్పానిష్ క్లాసులో రాదు. అందుకే అపార్ట్‌మెంట్ ఇస్తామన్నా వద్దని, ఇంట్లో బసే అడగండి. ఆ ఇంట్లో ఇంగ్లిష్ మాట్లాడే ఇంకో స్టూడెంట్ లేకుండా చూసుకోవడం ముఖ్యం.

భద్రత విషయానికొస్తే, మెక్సికో మొత్తాన్ని ఒకే గాటన కట్టకండి. అమెరికా విదేశాంగ శాఖ మెక్సికోకి రాష్ట్రాల వారీగా హెచ్చరికలు ఇస్తుంది. వహాకా పేరు మీద ఏముందో ఇప్పుడొకసారి, టికెట్ కొనే ముందొకసారి చదవండి. రాత్రిపూట ఊళ్ల మధ్య బస్సు ప్రయాణాలు వద్దు, రోడ్డు మీద చెయ్యెత్తి టాక్సీ ఆపడం వద్దు. జూలైలో గెలాగెత్సా పండగకు నగరం కిక్కిరిసిపోతుంది, ఆ వారాల్లో పర్సు, ఫోన్ జాగ్రత్త. అక్కడ భూకంపాలు వస్తాయి కాబట్టి ఇంట్లో బయటికి వెళ్లే దారి ఏదో మొదటి రోజే అడిగి పెట్టుకోవాలి. హెపటైటిస్ ఎ, టైఫాయిడ్ టీకాలు, హెపటైటిస్ బి యాంటీబాడీలు ఉన్నాయో లేవో రక్తపరీక్ష, దోమల మందు, ఆస్పత్రి నుంచి విమానంలో తరలించే ఖర్చు కూడా భరించే ఇన్సూరెన్స్, ఇవి తప్పనిసరి. మీ అమ్మాయిది అమెరికా పాస్‌పోర్ట్ కాబట్టి వీసా గొడవ లేదు. ఇది చదివి తామూ వెళ్లాలనుకునే ఎఫ్-1 స్టూడెంట్ వీసా వాళ్లు మాత్రం వెళ్లే ముందు కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రం మీద ట్రావెల్ సంతకం సరిచూసుకోండి.

సమయం కూడా సరిగ్గా కుదిరింది. రెండో ఏడాది తర్వాతి వేసవి వెళ్లడానికి మంచిది. మూడో ఏడాది తర్వాత అయితే మెడికల్ స్కూల్ ప్రవేశ పరీక్ష ఎంక్యాట్, టెక్సస్ అప్లికేషన్ల హడావిడి మీద పడతాయి, అప్పుడు రెండూ చెడతాయి. అక్కడ ఉన్నన్నాళ్లూ రోజూ రాత్రి ఒక పేజీ రాసుకోమనండి, పేషెంట్ల పేర్లు లేకుండా. ఫోటోలు మాత్రం వద్దు. మంచం మీదున్న మెక్సికన్ పిల్లాడి పక్కన స్టెతస్కోప్ వేసుకుని తీయించుకున్న ఫోటో ఇన్‌స్టాగ్రామ్‌లో పెడితే, అది ఆ పిల్లాడికి అవమానం. తర్వాత ఏ అడ్మిషన్ ఆఫీసర్ కంట పడినా మీ అమ్మాయికీ నష్టమే.

నరసరావుపేటను కూడా వదులుకోవద్దు. డిసెంబర్ సెలవుల్లో మేనమామ దగ్గరికి పంపండి, థియేటర్‌లోకి కాదు, ఓపీలోకి. ఆయన పక్కన కుర్చీ వేసుకుని, పేషెంట్‌ని అడిగి, వాళ్లు చెప్పేది తెలుగులో వింటూ కూర్చోమనండి. బీపీ మాత్రలు నెలలో సగం రోజులే ఎందుకు వేసుకుంటున్నారో, ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) కార్డు ఎక్కడ పనికొచ్చిందో, ఎక్కడ ఆగిపోయిందో వాళ్లే చెబుతారు. తమ్ముడు గారికి ఈ మాట మీరు చెబితే బాధపడొచ్చు. అమ్మాయి చేతే ఫోన్ చేయించి, 'మావయ్యా, నాకు కుట్లు వద్దు, నీ పేషెంట్లతో మాట్లాడనివ్వు చాలు' అని అడిగించండి.

బయల్దేరే ముందు ఒకసారి, తిరిగొచ్చాక ఎనిమిది నుంచి పది వారాలకు మళ్లీ ఒకసారి టీబీ పరీక్ష చేయించాలి. క్యాంపస్ హెల్త్ సెంటర్‌లోనే చేస్తారు, రెండో తేదీ కూడా ఇప్పుడే రాసి పెట్టుకోమనండి.